హ్యాండ్‌బ్రేక్ దించినా చక్రం తిరగట్లేదా? మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఇవి చూసుకోండి

కడప, రాయచోటి, రాజంపేట వైపు చాలా ఇళ్ల ముందు ఒక పాత కారు కవర్ కప్పుకుని నిలబడి ఉంటుంది. కొన్న కొడుకేమో కువైట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఇంట్లో అబ్బాకు డ్రైవింగ్ రాదు. సెలవుకొచ్చి కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొడితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, బండి మాత్రం కదలదు. హ్యాండ్‌బ్రేక్ కిందికే ఉంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటూ ఆరిపోయింది. అయినా వెనక చక్రాన్ని ఎవరో గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది.

కర్నూలులో రోజూ తిరిగే బండ్లకు ఇదే జబ్బు ఇంకో రకంగా వస్తుంది. బండి కదులుతుంది కానీ లాగదు. పికప్ లేదని ప్లగ్గులు మారుస్తారు, మైలేజ్ పడిపోయిందని పెట్రోల్ బంకును తిట్టుకుంటారు. అసలు దొంగ వెనక డ్రమ్ములో కూర్చుని ఉంటాడు.

ఆ ఎర్ర లైటు మాట నమ్మొద్దు. లివర్ పైకుందా కిందికుందా అన్నదే అది చెబుతుంది. చక్రం దగ్గర బ్రేక్ వదిలిందా లేదా అన్నది దానికి తెలీదు.

మారుతి 800, ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంట్రో, ఇండికా లాంటి బండ్లన్నింటికీ వెనక ఉండేది డ్రమ్ము బ్రేకే. 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, అంటే వాటిలో చివరిదానికి కూడా పదేళ్లు దాటిపోయాయి. లివర్ లాగితే కేబుల్ బిగుసుకుంటుంది. ఆ లాగుడు బండి అడుగునుంచి రెండు వెనక చక్రాలకూ పోతుంది. డ్రమ్ము లోపల ఒక చిన్న లివర్ కదిలి, నెలవంకల్లా వంగి ఉండే రెండు బ్రేక్ షూలను డ్రమ్ము గోడకు ఒత్తుతుంది. లివర్ దించినప్పుడు ఆ షూలను వెనక్కి లాగేది స్ప్రింగులు. అంటే పట్టడం మన చేతి బలంతో, వదలడం స్ప్రింగు బలంతో. బండి పాతబడేకొద్దీ స్ప్రింగు సడలుతుంది, కేబుల్ తొడుగు చిరిగి లోపల తుప్పు పడుతుంది. అప్పుడు పట్టిన బ్రేక్ పట్టినట్టే ఉండిపోతుంది.

మన ఎండలకు తుప్పేంటి అనుకోవచ్చు. వాటర్ సర్వీసింగ్‌లో అడుగున కొట్టే నీళ్లు చాలు. పైగా బేతంచెర్ల, కడప వైపు నాపరాయి దుమ్ము మెత్తగా ఉంటుంది. చిరిగిన తొడుగులోకి అది దూరి, తడి తగిలి గట్టిపడితే కేబుల్ వెనక్కి రాదు.

పరీక్షకు ఫజర్ తర్వాత బయల్దేరడం మంచిది. మధ్యాహ్నమైతే ఎండ తగిలిన వైపు చక్రం మామూలుగానే కాలుతుంది, ఏ వేడి దేనిదో తెలీదు. బ్రేక్ ఎక్కువ తొక్కకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి, చదునైన చోట మెల్లగా ఆపండి. రెండు వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. దగ్గర పెట్టమన్నాను, డ్రమ్మును ముట్టుకోమనలేదు, చర్మం ఊడి వస్తుంది. ఒక వైపే సెగ కొడితే ఆ వైపు కేబులో డ్రమ్మో పాడైంది. రెండు వైపులా సమానంగా ఉంటే లివర్ దగ్గర అనుమానించాలి. స్పీడు పెరిగేకొద్దీ గుంయ్‌మని మోత వస్తుంటే మాత్రం అది వీల్ బేరింగ్ కావచ్చు, దాని కథ వేరు.

తర్వాత జాకీ. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, బండిని ఫస్ట్ గేర్‌లో ఉంచి, వెనక ఒక్కో చక్రాన్నే లేపండి. ఓమ్నీ, అంబాసిడర్‌లకు ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే కాబట్టి వాటిని న్యూట్రల్‌లో పెట్టాలి, రాళ్లు ఇంకా గట్టివి చూసుకోవాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు.

హ్యాండ్‌బ్రేక్ దించి, చక్రాన్ని చేత్తో తిప్పండి. కొంచెం గీరుకుంటూ తిరిగితే ఫర్వాలేదు. ఆగిపోతుంటే, లివర్ దగ్గరున్న అడ్జస్ట్‌మెంట్ నట్టును పానాతో వదులు చేయండి. కొన్ని బండ్లలో ఆ నట్టు అడుగున ఉంటుంది, అలాగైతే ఆ పని మెకానిక్‌కు వదిలేయండి. నట్టు వదులు చేయగానే చక్రం తిరిగిందంటే కేబుల్ అతిగా బిగించారన్నమాట. ఇది చాలా మామూలు. హ్యాండ్‌బ్రేక్ పట్టట్లేదని మనం చెబితే, డ్రమ్ము విప్పి షూ సరిచేసే ఓపిక లేక కేబుల్ ఒక్కటే బిగించి పంపేస్తారు. ముందు షూ, తర్వాత కేబుల్, అదీ వరస.

నట్టు వదిలినా చక్రం తిరగకపోతే కేబుల్ తొడుగులోనే పట్టేసిందనో, డ్రమ్ములో షూ అతుక్కుందనో అర్థం. డ్రమ్ము విప్పించి, కేబుల్ కొసను లివర్ నుంచి తీయించి చేత్తో లాగి చూడమనండి. సాఫీగా ఆడితే కేబుల్ బాగున్నట్టే, డబ్బు దానికి పెట్టక్కర్లేదు. అప్పుడు లోపలి చిన్న లివర్, స్ప్రింగులు, వీల్ సిలిండర్ చూడాలి. హ్యాండ్‌బ్రేక్ ముట్టకపోయినా కాలి బ్రేక్ తొక్కాక చక్రం పట్టేస్తుంటే, ఎక్కువగా ఆ సిలిండరే జామ్ అయి ఉంటుంది. "మొత్తం సెట్టు మార్చాలి భాయ్" అంటే ఏది పట్టేసిందో చూపించమని అడగండి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు, పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవాలి.

వాయిదా వేస్తే ఏమవుతుందంటే, గువ్వలచెరువు ఘాట్ తలచుకోండి. నికాకో ఉర్సుకో ఇంటిల్లిపాదీ ఎక్కి రాయచోటి నుంచి కడప వస్తున్నారు. ఘాట్ మొదలయ్యేసరికే ఒక డ్రమ్ము కాలిపోయి ఉంది. దిగుతూ బ్రేక్ తొక్కేకొద్దీ ఆ వేడి ఇంకా పెరుగుతుంది, షూ పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ పాతదై తేమ పీల్చి ఉంటే అది మరిగి పెడల్ మెత్తబడుతుంది. కాలిన వాసన వస్తే వెంటనే చోటు చూసి ఆపండి. డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు, పగిలే ప్రమాదముంది. హ్యాండ్‌బ్రేక్ కూడా వేయొద్దు. గేర్‌లో పెట్టి చక్రానికి రాయి వేసి, చల్లారేదాకా ఆగండి.

15 ఏళ్లు నిండిన సొంత కారుకు ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. అక్కడ బ్రేకులు చూస్తారు, కాబట్టి ఈ పని ఎలాగూ తప్పదు.

ఇక నెలల తరబడి నిలిపే బండికి, కవర్ కప్పే ముందు హ్యాండ్‌బ్రేక్ దించేయండి. చదునైన చోట ఫస్ట్ గేర్‌లో పెట్టి, చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెడితే సరిపోతుంది. నీళ్లతో కడిగిన రోజైతే ముందు కొంత దూరం బ్రేక్ మెల్లగా తొక్కుతూ నడిపి ఆరనివ్వాలి. ఇప్పటికే అతుక్కున్న బండిని ఫస్ట్‌లో, రివర్స్‌లో మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపితే ఒక్కోసారి టక్‌మని వదులుతుంది. రెండు మూడుసార్లకు వదలకపోతే ఎక్స్‌లేటర్ గట్టిగా తొక్కొద్దు, క్లచ్ ప్లేట్ కాలిపోతుంది. మెకానిక్‌ను ఇంటికే పిలిపించి చక్రం విప్పించండి.