వేదిక వేరు, పీఠము వేరు

సికిందరాబాదు రైల్వే స్టేషనుకు సమీపముననే రెజిమెంటల్ బజార్ కలదు. ఆంగ్లేయ పటాలముల యవసరములు దీర్చుటకై వెలసినది గనుక దాని కాపేరు నిలిచినది. అచటికి కొలది దూరమున, 1862లో స్థాపితమైన మహబూబు కళాశాల యున్నది. 1899 నుండి 1904 వరకు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండినవారు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. వృత్తిచే ఉపాధ్యాయులైన వీరే ఆంధ్రదేశమున బ్రహ్మసమాజమునకు ఆచార్యులై, బ్రహ్మర్షి యని ప్రసిద్ధి గాంచిరి. వారిని ఆచార్యునిగా అభిషేకించిన పీఠాధిపతి యెవ్వరును లేరు. పురోహిత వర్గమే లేని మతములో నాయకత్వ మెట్లు సంక్రమించును? దానిని కోరువాడు ఎవరి నడుగవలెను? ఈ విషయమును శ్రోతలతో ముచ్చటింప దలచితిమి.

బ్రహ్మసమాజమును 1828లో కలకత్తాలో రాజా రామమోహన రాయలు స్థాపించిరి. ఏ గ్రంథమును, ఏ వ్యక్తియు తప్పులకు అతీతము కాదనుట ఆ మతమునందలి ముఖ్య విశ్వాసము. 1866లో కేశవచంద్ర సేనుగారు తమ అనుచరులతో వేరుపడి భారతవర్షీయ బ్రహ్మసమాజమును నెలకొల్పిరి. దానికి అధ్యక్షుని నెన్నుకొనలేదు. ఈశ్వరుడే అధ్యక్షుడు, కేశవులు కార్యదర్శి. భావము భక్తియుతమైనదే. కాని ఈశ్వరుని లెక్కలడుగు సభ్యుడు ఉండడు గదా! కుర్చీ ఖాళీగా నుండుటచే అధికార మంతయు కార్యదర్శి చేతికే వచ్చెను.

కేశవులు సామాన్యులు కారు. 1864లో మదరాసునకు వచ్చి దక్షిణదేశమున ఈ యుద్యమమునకు ప్రేరణ గలిగించిరి. వధువునకు 14, వరునకు 18 సంవత్సరములు కనీస వయస్సుగా నిర్ణయించిన 1872 వివాహచట్టమునకై పాటుపడిరి. అట్టివారే 1878 మార్చి 6న తమ కుమార్తె సునీతిని కూచ్ బిహార్ యువ మహారాజున కిచ్చి వివాహము జేసిరి. అప్పటికి వధువునకు 14 నిండలేదు. వరునకు 16 నిండలేదు. ఇది తమకు గలిగిన ఈశ్వరాదేశమని కేశవులు నమ్మిరి. ఆదేశము ఒక్కరికే వినబడునెడల తక్కినవారు దాని సత్యమును పరీక్షించుట యెట్లు? ఆచార్య పదవినుండి వారిని తొలగింపవలెనని సభ్యులు సభజేసి తీర్మానించిరి. కేశవులు వేదికను విడువలేదు.

అసమ్మతులైనవారు 1878 మే 15న కలకత్తా టౌన్‌హాలులో సమావేశమై సాధారణ బ్రహ్మసమాజమును స్థాపించిరి. ఇచట సాధారణ మనగా మామూలు అని యర్థము కాదు. అందరికి చెందినది యని యర్థము. కేంబ్రిడ్జిలో గణితమున ర్యాంగ్లరైన ఆనందమోహన బోసుగారు ప్రథమాధ్యక్షులుగను, శివచంద్ర దేవుగారు కార్యదర్శిగను ఎన్నికైరి. సమాజమునకు నియమావళి యేర్పడెను. అధ్యక్షుడు, కార్యనిర్వాహక సంఘము సభ్యుల యెన్నికచే రావలెననుట అందలి ప్రధాన సూత్రము. ఈ బోసుగారే 1898లో మదరాసు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిరి.

ఎన్నికలలో వాదోపవాదములు తప్పవు. 1913లో నోబెల్ బహుమానము పొందిన రవీంద్రనాథ ఠాకూరును గౌరవ సభ్యునిగా గ్రహించుటకు గూడ ఈ సమాజమున కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పిరి. ప్రశాంతచంద్ర మహలనోబిస్‌గారు 1921లో, రవీంద్రుడు మనకేల కావలెనో వివరించుచు ఒక కరపత్రమును ప్రకటించిరి. యువకులు సభ్యులను ఒప్పింప యత్నించిరి. తుదకు వోటు తీసికొనగా రవీంద్రుడే ఎన్నికయ్యెను. విశ్వకవియైనను సభ్యుల సమ్మతి యవసరమే యయ్యెను.

అమెరికాలో ఇట్టి యుదార మతస్థులైన యూనిటేరియనులు, యూనివర్సలిస్టులు 1961లో ఏకమైరి. వారి అధ్యక్షుని సంఘముల ప్రతినిధులు ఎన్నుకొందురు. అభ్యర్థులు ఊరూర దిరిగి, సభలలో ప్రశ్నలకు సమాధానములు చెప్పుదురు. నేడు పదవీకాలము ఆరు సంవత్సరములు. రెండవ పర్యాయము లేదు.

అట్లయిన వోటుచే ఆచార్యత్వము లభించునా? లభింపదు. నాయుడుగారు కాకినాడలో 1904 నుండి 1919 వరకు పిఠాపురపు రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, అనాథ శరణాలయమును నెలకొల్పి, అస్పృశ్యులనబడిన బాలురను చేరదీసిరి. జనులు వారికి బ్రహ్మర్షి యని మ్రొక్కిరన్న, ఆ జీవితమే కారణము. ఏ వోటును గాదు. వేదిక నెక్కించునది శీలము. పీఠము నిచ్చునది సభ్యుల విశ్వాసము. ఆ పీఠమును మరల తీసికొను హక్కును సభ్యులదే. ఈ రెంటిని ఒకటిగా నెంచుటచేతనే 1878లో చిక్కు వచ్చినది.

మన యూళ్లలో దేవాలయ సంఘమునకో, చర్చి కమిటీకో, భజన సమాజమునకో ఎన్నికలు జరుగుచునే యున్నవి. అభ్యర్థి వోటు కోరి గడపలోనికి వచ్చినపుడు ఆయన భక్తిని కొలువ మనకు సాధ్యము కాదు. మూడు మాటలు మాత్రము అడుగవచ్చును: లెక్కలు ఎప్పుడు చూపుదురు? మీతో నేకీభవింపని వానికి సభలో చోటుండునా? పదవి ముగిసిననాడు తాళపుచెవులు ఎవరి కిత్తురు? వీనికి విసుగు చెందక సమాధానమిచ్చువానికే వోటు వేయుట మేలని మా యభిప్రాయము.