లెక్కలోకి రాని అయిదో స్కోరు

2020 మార్చి 12. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ సంస్థ ఆ రోజు ఒక ప్రకటన చేసింది. కోవిడ్ కారణంగా ఆ ఏడాది ఇంకా మిగిలిన శీతాకాల, వసంతకాల జాతీయ పోటీలన్నీ రద్దు. వాయిదా కాదు, రద్దు! దేశమంతటా వేలాదిమంది విద్యార్థుల ఏడాది కష్టం ఆ ఒక్క మాటతో ఆగిపోయింది. వారిలో కాలిఫోర్నియాలోని మాలిబులో, సముద్రానికి ఎదురుగా కొండమీద ఉన్న పెప్పర్‌డైన్ యూనివర్సిటీ గోల్ఫ్ జట్టు కూడా ఉంది. అప్పటికి గోల్ఫ్‌వీక్ ర్యాంకింగ్స్‌లో దేశం మొత్తం మీద మొదటి స్థానం ఆ జట్టుదే. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

ఆ జట్టును ముందుండి నడిపించిన కుర్రాడు మన తెలుగువాడే. పేరు సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన కుటుంబం. మణికట్టు గాయం వల్ల 2018-19 సీజన్ మొత్తం అతను ఆటకు దూరంగా ఉండిపోయాడు. తిరిగి వచ్చి, కాలేజీలో తన చివరి ఏడాది అద్భుతంగా ఆడాడు. ఆ ఏడాది కాలేజీ గోల్ఫ్‌లో పేరున్న హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ అతనికే వచ్చాయి. అన్నీ వచ్చాయి, జట్టుతో కలిసి ఆడాల్సిన ఆ చివరి పోటీ మాత్రం రాలేదు.

నిజం చెప్పాలంటే గోల్ఫ్ అంటే మాకేమీ తెలియదు. క్రికెట్ చూస్తూ పెరిగిన తరం మాది. మా సంఘంలోని ఒక పెద్దాయన కుమారుడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తాడు. ‘అయ్యగారూ, మన తెలుగు అబ్బాయి ఆడిన జట్టు, పైగా క్రైస్తవ యూనివర్సిటీ. ఈసారి గెలిచేలా ఉంది, చూడండి’ అంటూ 2021 మే నెలలో ఆయన ఫోన్ చేశాడు. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. రెండో వేవ్ ఉధృతంగా ఉంది, తెలంగాణలో లాక్‌డౌన్. ఆదివారం మందిరం తలుపులు మూసి ఉన్నాయి. అతి కొద్దిమందితో సమాధి కార్యక్రమాలు ముగించుకొని ఇంటికొస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు. అలాంటి రాత్రుల్లో, పన్నెండున్నర గంటలు వెనకనున్న అరిజోనా ఎడారిలో ఎవరో కుర్రాళ్లు ఆడుతున్న ఆట స్కోర్లను ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాం. మొదట కాలక్షేపానికే చూశాం. తర్వాత వదల్లేకపోయాం.

ఆ పోటీ తీరే అలాంటిది. గోల్ఫ్‌ను ఒంటరివాడి ఆట అనుకుంటాం. బంతి, కర్ర, మనిషి, అంతే కదా! కాలేజీ గోల్ఫ్‌లో అలా కాదు. జట్టుకు అయిదుగురు. అయిదుగురూ పద్దెనిమిది హోల్స్ చొప్పున ఆడతారు. ఎన్ని తక్కువ దెబ్బల్లో ఆట ముగిస్తే అంత మేలు. రోజు చివర ఆ అయిదింటిలో నాలుగు మంచి స్కోర్లనే జట్టు ఖాతాలో వేస్తారు. అందరికన్నా ఎక్కువ దెబ్బలు తీసుకున్నవాడి స్కోరును పక్కన పెట్టేస్తారు. దాదాపు పది కిలోమీటర్లు, నాలుగు గంటలకు పైగా, సంచి భుజాన వేసుకునో చిన్న బండిలో తోసుకుంటూనో ఎండలో నడిచిన కుర్రాడి శ్రమ ఆ రోజు లెక్కలోకే రాదన్నమాట!

అయితే ఇందులో ఒక సంగతుంది. ఆ అయిదో స్కోరు ఎవరిదో ఆట ముగిసేదాకా ఎవరికీ తెలియదు. ఉదయం నుంచీ తడబడుతున్న ఆటగాడు ‘ఎలాగూ నా స్కోరు తీసుకోరు’ అని చేతులెత్తేయడానికి వీల్లేదు. ఎందుకంటే వెనక వస్తున్న సహచరుడు చివరి హోల్‌లో బంతిని నీళ్లలోకి కొట్టవచ్చు. అప్పుడు ఇతని స్కోరే జట్టును నిలబెడుతుంది. కాబట్టి తన కష్టం పనికొస్తుందో లేదో తెలియకుండానే ప్రతి దెబ్బనూ అంతే శ్రద్ధగా కొట్టాలి. ఒక్కసారి ఆలోచించండి, అలా పని చేయడం ఎంత కష్టమో!

జాతీయ టైటిల్‌కు దారి చాలా పొడవు. పురుషుల విభాగంలో ముందు ఆరు చోట్ల ప్రాంతీయ పోటీలు జరుగుతాయి. ఒక్కోచోట మూడు రౌండ్లు, యాభై నాలుగు హోల్స్. ప్రతిచోటా మొదటి అయిదు జట్లకే ముందుకు వెళ్లే అవకాశం. ఆరో స్థానంలో నిలిచిన జట్టు ఒక్క స్ట్రోక్ తేడాతోనైనా సరే ఇంటికి వెళ్లాల్సిందే. అలా మిగిలిన ముప్ఫై జట్లు జాతీయ పోటీల్లో మళ్లీ మూడు రౌండ్లు ఆడితే పదిహేను జట్లు మిగులుతాయి. నాలుగో రౌండ్ తర్వాత ఎనిమిది. అక్కడితో లెక్కలన్నీ చెరిపేసి, 2009 నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం ముఖాముఖి పోరు మొదలవుతుంది. మన డేవిస్ కప్ టెన్నిస్‌లాగే అయిదు పోటీలు, మూడు గెలిచినవారిదే విజయం. క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్ ఒకే రోజున ఆడాలి. మర్నాడు ఫైనల్.

ఆ ఏడాది ఈ దారిలో ఆడకుండానే ఆగిపోయినవారూ ఉన్నారు. 2021 మే నెలలో లూసియానాలోని బేటన్ రూజ్‌లో మహిళల ప్రాంతీయ పోటీలు జరగాలి. మూడు రోజులు వర్షం వదల్లేదు. చివరికి మైదానం ఆటకు పనికొస్తుంది గానీ ఈ స్థాయి పోటీకి తగినట్టు లేదని నిర్వాహకులు తేల్చారు. ఒక్క బంతి కూడా కొట్టకుండానే, ర్యాంకును బట్టి మొదటి ఆరు జట్లను ముందుకు పంపారు. ఏడో జట్టు నుంచి మిగిలిన జట్లన్నీ సంచులు సర్దుకుని వెనుదిరిగాయి. ఓడిపోతే ఏడ్చి ఊరుకుంటాం. ఆడనివ్వకపోతే ఆ బాధ ఎవరికి చెప్పుకుంటాం?

ఈ ప్రశ్నే 2020లో సాహిత్ తీగల ముందూ ఉండి ఉంటుంది. ఆగిపోయిన ఆ సీజన్‌కు బదులుగా విద్యార్థులు మరో ఏడాది ఆడుకోవచ్చని ఎన్‌సీఏఏ అవకాశమిచ్చింది. చాలామంది ఆ అవకాశాన్ని వాడుకున్నారు. అతను మాత్రం 2020 జూన్‌లోనే ప్రొఫెషనల్‌గా మారి వెళ్లిపోయాడు. జట్టు మిగిలింది. అందులో జో హైస్మిత్, విలియం మవ్, క్లే ఫీగ్లర్ అతనితో కలిసి ఆడినవారే. వారితో పాటు డిలన్ మెనాంటే, జోయి వర్జిచ్ జట్టులో ఉన్నారు. 2020లో ఎక్కడ ఆడాల్సి ఉండి ఆడలేకపోయారో, అదే స్కాట్స్‌డేల్ పట్టణంలోని గ్రేహాక్ మైదానంలోకి 2021లో ఈ అయిదుగురూ అడుగుపెట్టారు.

సెమీఫైనల్‌లో ఓక్లహోమా స్టేట్‌ను ఓడించారు. జూన్ 2న ఫైనల్‌లో ఎదురుగా ఓక్లహోమా యూనివర్సిటీ. ఆ పెద్ద పెద్ద విద్యాసంస్థల ముందు పెప్పర్‌డైన్ ఎంత? జార్జ్ పెప్పర్‌డైన్ అనే వ్యాపారి, చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ సభ్యుడు, 1937లో లాస్ ఏంజెలెస్‌లో స్థాపించిన చిన్న క్రైస్తవ కళాశాల అది. 1972లో మాలిబు కొండమీదికి చేరింది. పెద్ద యూనివర్సిటీలకున్న ఫుట్‌బాల్ జట్లూ, లక్షమంది పట్టే స్టేడియాలూ దానికి లేవు. మాకిక్కడ తెల్లవారుతుండగా ఫలితం తెలిసింది. మూడు గెలిచి, రెండు ఓడి, పెప్పర్‌డైన్ జాతీయ విజేత అయింది! అయిదుగురిలో ఇద్దరు ఆ రోజు ఓడిపోయారు. ట్రోఫీని మాత్రం అయిదుగురూ ఎత్తుకున్నారు.

ఆ జట్టు కోచ్ మైకేల్ బియర్డ్ గురించి కూడా చెప్పాలి. పెప్పర్‌డైన్ అంతకుముందు జాతీయ టైటిల్ గెలిచింది 1997లో. ఆ జట్టులో బియర్డ్ కూడా ఒక ఆటగాడు. మళ్లీ అదే ఆనందాన్ని తన విద్యార్థుల ముఖాల్లో చూడడానికి ఆయనకు 24 ఏళ్లు పట్టింది. నడుమ వచ్చిన జట్లు, ప్రాంతీయ పోటీల్లోనే వెనుదిరిగిన కుర్రాళ్లు, ఒక్క ట్రోఫీ కూడా ముట్టుకోకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోయిన పిల్లలు ఎందరో. వారెవరూ లేకుండా 2021 జట్టు ఆకాశం నుంచి ఊడిపడిందా? లేదు. 2020 జట్టు కూడా ఆ వరసలోనిదే. దాని పేరు విజేతల పట్టికలో లేదు, దాని కష్టం మాత్రం ఆ విజయంలో ఉంది.

ఇక్కడ మా సొంత విషయం ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం మేమొక పల్లెలో పరిచర్య చేస్తుండగా మందిర నిర్మాణం మొదలైంది. కూలి డబ్బుల్లోంచి రూపాయి రూపాయి కూడబెట్టిన తల్లులతో కలిసి పునాదులు తీయించాం. గోడలు కిటికీల ఎత్తుకు లేచేసరికి మాకు బదిలీ వచ్చింది. రెండేళ్ల తర్వాత వేరొక పాస్టరుగారి కాలంలో మందిర ప్రతిష్ఠ జరిగింది. శిలాఫలకం మీద మా పేరు లేదు. వేదాంతం చదివినవాళ్లం, దావీదు రాళ్లు, దేవదారు సిద్ధం చేస్తే సొలొమోను మందిరం కట్టించాడని ఎన్నోసార్లు ప్రసంగించినవాళ్లం. అయినా కొన్నేళ్లపాటు ఆ ఊరిమీదుగా బస్సులో వెళ్లాల్సి వస్తే కిటికీలోంచి అటు తిరిగి చూడలేకపోయాం. ఎవరికో చెప్పడానికి బోధ సులువే, మన దాకా వస్తేనే తెలుస్తుంది. అందుకే లాక్‌డౌన్‌లో ఆ తెల్లవారుజామున పెప్పర్‌డైన్ గెలుపు చూసినప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది గెలిచినవారు కాదు, ఏడాది ముందు వెళ్లిపోయిన ఆ తెలుగు కుర్రాడు.

తర్వాత అతని దారి ఏమైంది? 2022 ఫిబ్రవరిలో అదే స్కాట్స్‌డేల్‌లో జరిగిన ఫీనిక్స్ ఓపెన్‌లో గెలుపు అంచుదాకా వెళ్లాడు. పదిహేడో హోల్‌లో బంతి నీళ్లలోకి దొర్లిపోయింది. ఆట ముగిశాక కుటుంబ సభ్యుల మధ్య కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2023 సెప్టెంబర్‌లో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో మొదటి విజయం అందుకున్నాడు. అతని జట్టు సహచరులు హైస్మిత్, మవ్ కూడా 2025లో పీజీఏ టూర్‌లో చెరొక విజయం సాధించారు. ఒకనాడు ఒకరి స్కోరుకు ఒకరు ఆసరాగా నిలిచిన పిల్లలు ఎవరి కాళ్ల మీద వారు నిలబడ్డారు.

అన్నింటికన్నా మమ్మల్ని కదిలించింది 2024లో జరిగిన ఒక సంఘటన. అది టూర్ చాంపియన్‌షిప్, ఏడాది ముగింపు పోటీ. మూడో రౌండ్, మూడో హోల్. సాహిత్ బంతి ఇసుక గుంటలో పడింది. కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకకు తగలకూడదన్నది నియమం. తన కర్ర కాస్త ఇసుకను కదిలించిందని అతనికి అనిపించింది. తానే ఆ మాట బయటపెట్టాడు, రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. పోటీ ముగిసేసరికి అతను మూడో స్థానంలో ఉన్నాడు, రెండో స్థానానికి సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో! రెండో స్థానానికి బహుమతి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి డెబ్భై అయిదు లక్షల డాలర్లు. తన లెక్కలో తనకు నష్టం కలిగించే అంకెను తన చేత్తోనే వేసుకోవడం ఎంతమందికి సాధ్యం? చేసిన కష్టం ఒకసారి ఎవరి లెక్కలోకీ రాకుండా పోయినా, లెక్కల్ని నిజాయితీగా రాయడం మాత్రం అతను మానలేదు.

మన ఇళ్లలోనూ అయిదో స్కోరు ఒకటి ఉంటుంది. పిల్లల ర్యాంకుల వెనక ఏళ్ల తరబడి నాలుగింటికే లేచిన తల్లి, తమ్ముళ్ల చదువు కోసం తన చదువు మానేసిన అన్న, సంఘంలో ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచే పెద్దమ్మ. ఏ సన్మాన సభలోనూ వీరి పేరు వినబడదు. ఆ మాటకొస్తే వీరిలో చాలామంది అది ఆశించరు కూడా. కానీ వీరిలో ఏ ఒక్కరు ‘ఎలాగూ నన్ను లెక్కలోకి తీసుకోరు’ అని మధ్యలో ఆగిపోయినా మనమంతా ఎక్కడుండేవాళ్లమో చెప్పండి.

లాక్‌డౌన్ ఎత్తేసి రాకపోకలు మామూలయ్యాక మేమా పల్లెకు వెళ్లాం. మందిరంలో వెనక వరసలో కూర్చున్నాం. ముందుకు రమ్మని అక్కడి పాస్టరుగారు పిలిచినా వెళ్లాలనిపించలేదు. పిల్లలు పాడుతున్నారు. పునాదుల రోజుల్లో మట్టి తట్ట మోసిన ఒక అవ్వ మమ్మల్ని గుర్తుపట్టి, పక్కన వచ్చి కూర్చుని చెయ్యి పట్టుకుంది. అప్పుడు మాకు తట్టింది, శిలాఫలకం మీద ఆ అవ్వ పేరు కూడా లేదని. అన్నేళ్లూ మా పేరు లేదని బాధపడ్డామే తప్ప ఆమె పేరు గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు.

మీకు తెలిసిన అయిదో స్కోరు ఎవరిది? వారు బతికుండగానే ఒక్కసారి వెళ్లి పక్కన కూర్చోండి.