పాత బాకీ తీర్చిన రైతు క్రొత్త దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెను?

మన సంఘ సభ్యులలో పలువురు ఇటీవల నొక విచిత్రమైన చిక్కునకు లోనగుచున్నారు. పాత బాకీని వడ్డీతో సహా చెల్లించి, రసీదు చేతబట్టుకొని, ఇక అప్పు పుట్టుటకు అడ్డము లేదని తలచి, ట్రాక్టరుకో, బిందుసేద్యపు గొట్టములకో, పాడి గేదెలకో దరఖాస్తు పెట్టుదురు. ఒకచోట కాదందురు. ఆ వారములోనే రెండవచోట, మూడవచోట పెట్టుదురు. నాలుగవచోటి గుమాస్తా కంప్యూటరులో చూచి, “అయ్యా, ఈ నెలలోనే మీరు మూడుచోట్ల అడిగియున్నారే!” యనును. కష్టపడి బాకీ తీర్చినవానికి ఈ మాట ములుకువలె తగులును. అడిగినంతమాత్రమున తప్పేమని అతడు వాపోవుట సహజమే. కాని దీనిలోని మర్మము ముందుగా తెలిసియున్న పక్షమున పెక్కు ప్రయాసలు తప్పును.

పూర్వము ఎవరి పరపతి యెంతటిదో ఊరి షావుకారుకు నోటికి వచ్చియుండెడిది. నేడు ఆ లెక్కను పరపతి సమాచార సంస్థలు వ్రాసియుంచుచున్నవి. 2005వ సంవత్సరపు చట్టమునకు లోబడి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు పనిచేయుచున్నవి. వీటిలో సిబిల్ 2000వ సంవత్సరమున స్థాపింపబడి మొదటిదగుటచే, జనులు అన్నింటిని కలిపి సిబిల్ అనియే పిలుచుచున్నారు. బ్యాంకులు తమ ఖాతాదారుల చెల్లింపుల వివరములను ఈ సంస్థలకు పంపును. ఆ వివరములనుబట్టి 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టబడును. అంకె పెద్దదైనకొలది అప్పు సులువుగా పుట్టును.

ఇచ్చట గ్రహింపవలసిన ముఖ్యమైన భేద మొకటి కలదు. మన లెక్కను మనము తెప్పించి చూచుకొనినచో అంకె తగ్గదు. చూచుకొనిన తగ్గునను భయము మన పల్లెలలో మిక్కుటముగా నున్నది. ఇది వట్టి అపోహ. ఇదివరకే అప్పిచ్చియున్న బ్యాంకు అప్పుడప్పుడు తన ఖాతాదారుని లెక్క పరికించుటవలనను సాధారణముగా నష్టము లేదు. మనము క్రొత్త అప్పునకు దరఖాస్తు చేసినప్పుడు, ఇచ్చువారు మన లెక్కను తెప్పించుకొందురే, అదియే లెక్కకు వచ్చు విచారణ. బ్యాంకువారు దీనినే హార్డ్ ఎంక్వైరీ యందురు. తేది, అడిగిన సంస్థ, ఏ రకపు అప్పు, ఎంత మొత్తము అను వివరములతో ఇది పత్రములో నమోదగును. అప్పు మంజూరైనను కాకపోయినను ఆ నమోదు పోదు.

దీనిని ఎందుకు పట్టించుకొందురో ఊరి వ్యవహారము తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒకే వారములో నలుగురు షావుకార్ల గడప తొక్కినవానిని చూచి అయిదవ షావుకారు ఏమనుకొనును? వీనికేదో ముంచుకొనివచ్చినదనియేగదా! నేటి యంత్రము చేయు తర్కమును ఇంతియే. న్యాయముగా చెప్పవలెనన్న, ఒక్కొక్క విచారణవలన తగ్గునది స్వల్పమే. గడువుకు చెల్లించుచున్న దృఢమైన లెక్క గలవానిని ఒకటి రెండు విచారణలు కదల్పజాలవు. పాత బాకీవలన అంకె పడిపోయి మరల లేచుచున్నవానికి మాత్రము అవి బరువే. చవిటి నేలలో జీలుగ చల్లి కలియదున్ని సారము తెచ్చుకొనుచున్న రైతు, ఆ యేడే మూడు పంటలు పిండుకొనజూచునా?

మన రైతులు తమకు తెలియకయే ఈ విచారణలలో చిక్కుకొను తావు ట్రాక్టరు, మోటారు సైకిలు అమ్మెడి దుకాణము. అచ్చటి మనిషి “ఊరకే చూచెదము” అని ఆధార్, పాన్ కార్డుల నకళ్లు తీసికొని, ఫోనునకు వచ్చిన ఓటీపీ చెప్పుమనును. ఆ అంకెలు చెప్పుట యనగా సంతకము పెట్టుటయే. ఒక్కొక్కప్పుడు అతడు ఆ కాగితములను రెండు మూడు కంపెనీలకు ఒకేసారి పంపును. ఇంటికి వచ్చునప్పటికి రైతు పేర మూడు విచారణలు పడియుండును. సెల్‌ఫోనులోని అప్పుల యాప్‌లును అట్టివే. కాబట్టి మొదట అర్హతలేమి, ఏయే కాగితములు కావలెను, వడ్డీ యెంత, తనవంటివానికి ఇచ్చెదరా లేదా యని నోటితో అడిగి తెలిసికొనవలెను. “నా లెక్క నెక్కడికి పంపుచున్నారు?” అని అడుగుటకు మొగమాటపడరాదు. పిమ్మటనే సంతకము.

నేను పనిచేయు ప్రాంతములో నొక మిరప రైతు ఉన్నాడు. తామర పురుగువలన పంట పాడై, రెండేండ్లు బాకీ పడి, పొలములో కొంత అమ్మి తీర్చినాడు. తీర్చిన నెలలోనే ట్రాక్టరు కొరకు అయిదుచోట్ల దరఖాస్తులు పెట్టగా అందరును త్రోసివేసిరి. ఇక దరఖాస్తులు ఆపుమని నేను చెప్పితిని. భార్య మాత్రము ఆ మాట ముందే చెప్పినదట! సంఘములో చిన్న పంట అప్పు మాత్రము తీసికొని, రెండు పంటలు గడువునకు వారము ముందుగనే చెల్లించినాడు. ఆ పిమ్మట ఒక్కచోట అడిగినాడు. ట్రాక్టరుకు కాదు, బిందుసేద్యపు గొట్టములకు. అది మంజూరైనది. ట్రాక్టరు సంగతి ఇంకను తేలలేదు. బాడుగ ట్రాక్టరుతోనే దున్నించుచున్నాడు.

ఎంతకాలము ఆగవలెనని పలువురు అడుగుచున్నారు. నా అభిప్రాయములో ఆరు నెలలకు తక్కువ గాకుండ ఆగుట మేలు. రెండు పంటలు ఆగగలిగిన మరియు మేలు. విచారణ పాతబడినకొలది దాని బరువు తగ్గును. ఆలోపల గడువుకు చేసిన చెల్లింపులు పైకి వచ్చును. నిజముగా జరిగిన విచారణను తీసివేయించుట ఎవరి తరము కాదు. “సిబిల్ సరిచేసెదము” అని రుసుము గుంజు దళారులు పట్టణములలో బయలుదేరినారు. వారికి చెల్లించు రూపాయి వడ్డీకి చెల్లించుట మంచిది.

బాకీ తీర్చు విధమునుగూర్చియు ఒకమాట. బ్యాంకుతో రాజీ కుదుర్చుకొని కొంత తగ్గించి కట్టినచో, ఆ ఖాతా “సెటిల్డ్” అని నమోదగును. పూర్తిగా కట్టినచో “క్లోజ్డ్” అని పడును. చేతిలో సొమ్మున్నవారు ఈ తేడాను ఆలోచించుకొనవలెను. లేనివారికి రాజీయే దిక్కు, తప్పు పట్టను. రుణమాఫీ వచ్చునని గడువు దాటనిచ్చినవారి సంగతి వేరు. తెలంగాణమున 2024లో 2 లక్షల రూపాయలవరకు మాఫీ జరిగినది. అట్టి సొమ్ము జమపడి బాకీ తీరినను, అంతకుముందు గడువు దాటిన నెలల గుర్తు పత్రమున నిలిచియుండవచ్చును. స్వల్పకాలిక పంటల అప్పు గడువు దాటి 2 పంటకాలములు, దీర్ఘకాలిక పంటలది 1 పంటకాలము గడచిన మొండిబాకీగా లెక్కింతురు. రైతునకు ఈ వెసులుబాటు ఉన్నదిగదా యని నిశ్చింతగా నుండువారు, ఆలస్యమైన దినములు వేరుగా నమోదగునని మరచుచున్నారు.

ఈ నాలుగు సంస్థలలో ప్రతిదియు ఏడాదికొకసారి పూర్తి పత్రమును ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. 2017 జనవరి 1 నుండి ఇది అమలులోనున్నది. దానిలో తనది కాని అప్పు, తాను చేయని విచారణ, తీర్చినను తీరనట్లున్న ఖాతా కనబడినచో, ఆ సంస్థకును అప్పిచ్చిన బ్యాంకునకును ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో పరిష్కరింపనిచో అటుపైన దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము రైతునకు రావలెను. బ్యాంకులు కనీసము పక్షమునకొకసారి వివరములు పంపవలెనని 2025 జనవరిలో నియమము అమలులోనికి వచ్చినది గనుక, బాకీ తీర్చిన రెండు నెలలకు పత్రము చూచుకొనుట సబబు. హామీ సంతకములు పెట్టినవారు ఆ అప్పును తమ పత్రములో కూడ చూచుకొనవలెను. ఇంతవరకు ఎచ్చటను అప్పు తీసికొననివారు భయపడనక్కరలేదు. చరిత్ర లేదను ఒక్క కారణముచేత తొలి దరఖాస్తును త్రోసివేయరాదని ప్రభుత్వము 2025లో స్పష్టపరచినది.

పత్రము తెప్పించుకొనుటకు పాన్ సంఖ్యయు, బ్యాంకులో వ్రాయించిన ఫోను సంఖ్యయు కావలెను. చాల ఇండ్లలో ఆ సంఖ్య పట్నములో చదువుచున్న కుమారునిదై యుండుట చూచుచున్నాను. ఎవరైన మన లెక్కను తెప్పించినప్పుడు వచ్చు సమాచారమును ఆ ఫోనుకే పోవును. కాన ఖరీఫు దరఖాస్తులు మొదలగుటకు ముందే బ్యాంకునకు పోయి, తమ చేతిలోనుండు ఫోను సంఖ్యను వ్రాయించుకొనవలెను.