గాలిపటంతో సముద్రం మీదికా? ముందు ఈ అపోహలు వదలండి

సంక్రాంతికి ఊరొచ్చిన కుర్రాళ్లు జగ్గన్నతోట ప్రభలు చూసి, మర్నాడు అంతర్వేదికో ఓడలరేవుకో ఎస్.యానానికో బయలుదేరడం కోనసీమలో మామూలే. వాళ్లలో కొందరికి ఇప్పుడు కైట్ సర్ఫింగ్ మీద మనసు పడింది. నడుముకు పెద్ద గాలిపటం తగిలించుకుని, కాళ్లకింద పలకతో నీళ్లమీద దూసుకుపోయే ఆట ఇది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకాల ఆట కూడా అయింది. నేర్చుకోవాలనుకోవడం మంచిదే. బయలుదేరే ముందు మాత్రం కొన్ని అపోహలు తొలగాలి.

అపోహ: మనకే సముద్రం ఉండగా వేరే ఊరెందుకు?

వాస్తవం: కొత్తవాళ్లకు కావలసింది నడుంలోతు మించని, కెరటాలు లేని నీళ్లు. మన తీరం నేరుగా బంగాళాఖాతానికి తెరిచి ఉంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తాయి. ఆ మొగల్లో ఏటి వడికి పోటూ పాటూ తోడై నీటి లాగుడు పూటపూటకీ మారిపోతుంది. పైగా ఇసుక దాటగానే చాలాచోట్ల సరుగుడు తోటలు, కొబ్బరి తోటలే. గాలిపటం తాళ్లే 20 మీటర్లకు అటూఇటూ ఉంటాయి. గాలి ఒడ్డుకు విసిరిందంటే మనిషి చెట్లకే కొట్టుకుంటాడు. మన దేశంలో ఈ ఆట నేర్పే చోట్లలో ముఖ్యమైనది రామేశ్వరం. పాంబన్ దీవి మీదున్న ఆ ఊరి చుట్టుపక్కల లోతు తక్కువ నీళ్లు దొరుకుతాయి. నేర్చుకోవడానికి అలాంటి చోటుకే వెళ్లాలి.

అపోహ: గాలి ఎంత ఎక్కువుంటే అంత సరదా.

వాస్తవం: సాధారణంగా 12 నుంచి 25 నాట్ల గాలి సరిపోతుంది. అంటే గంటకు 22 నుంచి 46 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే గాలిపటం లాగే బలం నాలుగింతలవుతుంది. అందుకే గాలి పెరిగేకొద్దీ చిన్న గాలిపటం వాడతారు. ఒడ్డున నిలబడి గుప్పెడు పొడి ఇసుక మెల్లగా జారవిడిచి చూడండి, గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. సముద్రం మీద అక్కడక్కడా కాక అంతటా తెల్లని నురగలు లేస్తుంటే గాలి సుమారు 12 నాట్లు దాటినట్టే. మబ్బు కమ్మి, గాలి ఆగి ఆగి విసురుతుంటే ఎంత అనుభవం ఉన్నా దిగకూడదు.

అపోహ: నేలమీది నుంచి గాలి వీస్తే సముద్రం నిండుకుండలా ఉంటుంది. దిగడానికి అదే మంచి వేళ.

వాస్తవం: అదే అన్నిటికన్నా ప్రమాదకరమైన వేళ. తెరచాప పడవల కాలంలో మత్స్యకారులు తెల్లవారుజామున నేలగాలి అందుకుని వేటకు పోయేవారు, మధ్యాహ్నం సముద్రగాలితో ఒడ్డు చేరేవారు. పడవను లోపలికి తీసుకెళ్లిన ఆ గాలే గాలిపటం కట్టుకున్న మనిషినీ తీసుకెళ్లిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కవాటుగా వీచే గాలే ఈ ఆటకు అనువైనది.

అపోహ: గోదావరి ఈదినవాడికి సముద్రం ఒక లెక్కా?

వాస్తవం: విరిగే కెరటాల మధ్య ఒకచోట నీరు నున్నగా, అల లేనట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడే దిగుతారు. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పరుగెత్తే దారి తరచూ అదే. అందులో చిక్కినవాళ్లు ఒడ్డువైపు ఎదురీది అలిసిపోయి మునిగిపోతారు. చిక్కితే కంగారుపడకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్, హెల్మెట్ తప్పనిసరి.

అపోహ: సెలవులు దొరికినప్పుడు వెళితే సరి.

వాస్తవం: ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టేది గాలి. రామేశ్వరంలో మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, జనవరి నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి అనుకూలం. దసరా, దీపావళి సెలవులు వానలకు, తుపాన్లకు దగ్గర పడతాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కొబ్బరి తోటలను ఎలా కూల్చిందో కోనసీమ పెద్దలకు ఇంకా గుర్తే. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. ఇక రామేశ్వరం చేరడం అంటారా, 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన మొదలయ్యాక రైలు మళ్లీ దీవిలోకే వెళ్తోంది.

అపోహ: వీడియోలు చూసి, పాత సరంజామా కొనుక్కుంటే చాలు.

వాస్తవం: సంక్రాంతి గాలిపటం దారం తెగితే పోయేది గాలిపటమే. ఇక్కడ గాలిపటం అదుపు తప్పితే పోయేది మనిషి. అందుకే ప్రమాదంలో గాలిపటాన్ని క్షణంలో విడిచిపెట్టే ఏర్పాటు ఉంటుంది. చెయ్యి తడుముకోకుండా దాన్ని అందుకోవడమే మొదటి పాఠం. ఇసుకమీద చిన్న గాలిపటంతో మొదలై, పలకమీద నిలబడేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది. నేర్పేవారికి శిక్షకుడి ధ్రువపత్రం ఉందా, కాపాడటానికి పడవ సిద్ధంగా ఉందా అని అడిగాకే డబ్బు కట్టండి.

పెద్దలకు ఒక మాట: పిల్లలు అడిగితే కోప్పడి వద్దనకండి, చాటుగా ఓడలరేవులో దిగుతారు. సరైన చోటుకు, సరైన కాలంలో, సరైన గురువు దగ్గరకు పంపండి. గాలి కుదరని రోజులు తప్పవు కాబట్టి తిరుగు టికెట్టు రెండు రోజులు ఆలస్యంగా ఉండేలా తీసుకోండి.