అరచేతిలో ఆవిరి ఇంజను

నూరు టన్నుల ఆవిరి ఇంజనును అన్ని కొలతల్లోనూ 160వ వంతుకు కుదిస్తే ఎంత తూగుతుంది? 625 కిలోలని తేల్చేయకండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక బరువు దాదాపు 41 లక్షలవ వంతుకు పడిపోతుంది. మిగిలేది 24 గ్రాములు! పట్టాల మీద చక్రానికి పట్టు దొరికేది బరువు వల్లే. బుల్లి రైళ్లు చేసేవాళ్లు ఈ లెక్కతోనే కుస్తీ పడుతున్నారు.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆర్నాల్డ్ కంపెనీ 1960ల మొదట్లో 9 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద 1:160 నమూనాలు తెచ్చింది. అదే ఎన్ స్కేల్. 1972లో మెర్‌క్లిన్ ఇంకా కిందికి దిగి, 6.5 మిల్లీమీటర్ల పట్టాలతో 1:220 జెడ్ స్కేల్ మొదలుపెట్టింది.

డీజిల్ నమూనాతో పేచీ తక్కువ. ఒళ్లంతా పెట్టెలా ఉంటుంది కాబట్టి మోటారు, బరువు దిమ్మ లోపల ఇమిడిపోతాయి. ఆవిరి ఇంజనులో ఆ చోటేదీ? బాయిలరు సన్నటి గొట్టం. డ్రైవరు నిలబడే గది ఖాళీగా కనిపించాలి. చక్రాలను కలిపే కడ్డీలు బయటే ఊగుతుంటాయి. నాలుగు సెంటీమీటర్ల మందం కడ్డీ 1:160లో పావు మిల్లీమీటరవుతుంది, ముట్టుకుంటే వంగుతుంది. పట్టా లోపలి వైపు దిగే చక్రపు అంచు అసలు ఇంజనులో సుమారు 3 సెంటీమీటర్లుంటుంది. కుదిస్తే 0.2 మిల్లీమీటర్లు కూడా రాదు. ధూళి మాత్రం మనతోపాటు కుదించుకుపోదు కదా, చిన్న నలుసుకే బండి పట్టాలు తప్పుతుంది. అందుకే కడ్డీలు, అంచులు లెక్కకు మించి లావుగా చేస్తారు. దాన్ని లోపమనడం అన్యాయం.

కొందరు తయారీదారులు మోటారును బొగ్గూ నీళ్లూ మోసే టెండర్లో దాచారు. అక్కడ చోటుంది, నిజమే. కానీ చాలా నమూనాల్లో టెండరే ఇంజన్ని నెడుతుంది. బండి గుర్రాన్ని తోసినట్టుండే ఈ పద్ధతి నాకు రుచించదు. పట్టు కోసం చక్రానికి రబ్బరు పట్టీ తొడిగితే ఇంకో తంటా: పట్టాల్లోని కరెంటు ఆ చక్రం గుండా మోటారుకు రాదు.

ఆవిరి నమూనాలు అరుదవడానికి వ్యాపార కారణమూ ఉంది. డీజిల్ అచ్చు ఒకటి చేసి, రంగులు మార్చి ఎన్నో రైల్వేల పేర్లతో అమ్మొచ్చు. అమెరికాలో ఆవిరి ఇంజన్లు ఏ రైల్వేకి ఆ రైల్వే తీరువి. అయితే మొదటి ప్రపంచ యుద్ధం నాటి ప్రభుత్వ యంత్రాంగం యూఎస్ఆర్ఏ 1918లో రూపొందించిన ప్రామాణిక ఇంజన్లు చాలా రైల్వేల్లో నడిచాయి. అందుకే నమూనాల్లో వాటికి గిరాకీ.

మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 1:160లో దాదాపు 10.5. అంగట్లో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టా దానికి ఇరుకు. మీటర్‌గేజి మాత్రం 6.25కి వస్తుంది, జెడ్ పట్టాకు దగ్గర్లోనే. ఒకప్పటి సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్‌గేజి లైనును ఇంట్లో కట్టాలనుకునేవారికి ఇదే దారి.

కొనేటప్పుడు ఇంజన్ని పరుగెత్తించి మురిసిపోకండి. వీలైనంత నెమ్మదిగా నడిపించమనండి. కడ్డీలు కుదుపు లేకుండా తిరుగుతున్నాయో లేదో చూడండి. టెండరు చక్రాలు కూడా కరెంటు అందుకుంటున్నాయా అని అడిగి, ఆ తర్వాతే డబ్బు తీయండి.