మట్టి గోడ చెప్పే పాఠం

పొలాల మధ్య కొత్త ఇల్లు కట్టుకోవాలని మీలో ఎవరికైనా ఆశ ఉందా? అయితే ధాన్యపు కొట్టంలా ఉండే ఇళ్ల బొమ్మలు మీరు చూసే ఉంటారు. పొడవాటి గోడలు, రెండు వైపులా వాలిన కప్పు, పెద్ద గాజు కిటికీలు. అందంగానే ఉంటాయి. కానీ ఆ వాలు కప్పు వానా మంచూ బాగా కురిసే దేశాలది. దాన్ని అలాగే తీసుకెళ్లి సౌదీ అరేబియా పల్లెలో కడితే? గాజులోంచి ఎండ లోపలికి వస్తుంది. ఏసీ రాత్రీ పగలూ నడవాలి.

ఆ దేశపు పాత పల్లెలు ఇంకో దారి చూపిస్తాయి. రాజధాని రియాద్ ఉన్న ప్రాంతం పేరు నజ్ద్. అక్కడ వేసవి ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. వాన తక్కువ. అక్కడివారు మట్టిలో గడ్డి, నీళ్లు కలిపి, అచ్చుల్లో పోసి, ఎండబెట్టి ఇటుకలు చేసేవారు. వీటిని బట్టీలో కాల్చరు. అందుకే తెలుగులో వీటిని పచ్చి ఇటుకలు అంటాం. కప్పుకు అథ్ల్ అనే ఎడారి చెట్టు దూలాలు, వాటి మీద ఖర్జూరపు మట్టలు, ఆపైన మట్టి. అన్నీ ఊరి చుట్టుపక్కల దొరికేవే.

ఈ ఇల్లు ఎలా పనిచేస్తుందో చూడండి. మందమైన మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. బయటి గోడలకు చిన్న కంతలే ఉంటాయి. గదులన్నీ మధ్యలో ఉన్న వాకిలి వైపు తెరుచుకుంటాయి. ఆంధ్రలో మండువా ఇల్లు చూసినవారికి ఇది కొత్త కాదు. మండువా అంటే ఇంటి నడుమ ఆకాశం కనిపించే చోటు. నజ్ద్‌లో కప్పు చదునుగా ఉంటుంది కాబట్టి వేసవి రాత్రులు దాని మీద పడుకునేవారు.

అదే దేశంలో నైరుతి వైపు అసీర్ కొండలున్నాయి. అక్కడ వాన ఎక్కువ. అందుకని మట్టి గోడలో వరసలు వరసలుగా పలక రాళ్లు బయటికి పెట్టారు. వాన నీరు గోడను తాకకుండా రాళ్ల మీదుగా కిందికి జారిపోతుంది. ఇంటి లోపల ఆడవాళ్లు గోడలకు రంగుల ముగ్గుల్లాంటి బొమ్మలు వేస్తారు. అల్ ఖత్ అల్ అసీరీ అనే ఈ కళను యునెస్కో 2017లో తన జాబితాలో చేర్చింది.

మట్టి ఇంటికి ఒక ఖర్చు ఉంది. వానలు వెలిశాక మళ్లీ మళ్లీ మెత్తాలి. మెత్తడం అంటే తడి మట్టి పూయడం. చూసేవారు లేకపోతే గోడ కరిగిపోతుంది. రియాద్ పక్కనున్న దిరియాలో తురైఫ్ అనే మట్టి నగరం 1818 యుద్ధంలో నాశనమైంది. మిగిలిన గోడలను కాపాడుతూ వచ్చారు. 2010లో అది ప్రపంచ వారసత్వ స్థలం అయింది.

కాంక్రీటును తిట్టమని నేను చెప్పడం లేదు. మారిషస్‌లో 1960లో కారోల్ తుఫాను గడ్డి ఇళ్లను ఎగరగొట్టాక, కాంక్రీటే చాలా కుటుంబాలకు ధైర్యం ఇచ్చింది. అక్కడ శత్రువు గాలి. నజ్ద్‌లో శత్రువు ఎండ. కాంక్రీటు గోడకు మట్టి రంగు పూస్తే నజ్ద్ ఇల్లు అయిపోదు. గోడ మందం, నీడ, వాకిలి ఉంటేనే అవుతుంది.

కాబట్టి మీ ఇంటి బొమ్మ గీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎండ ఎటు నుంచి వస్తుంది? గాలి ఎటు నుంచి వీస్తుంది? నడిచి వెళ్లే దూరంలో ఏం దొరుకుతుంది? తర్వాత మీ ఇంట్లో పెద్దవారిని అడగండి: దూలం, వాకిలి, అరుగు, మండువా. ఈ మాటల్లో వారికి ఎన్ని గుర్తున్నాయి?