ప్రెయిరీ నేలల నీలి సాల్వియా

ఉత్తర అమెరికా నడిభాగమున, నెబ్రాస్కా మొదలు కాన్సాస్, ఓక్లహోమాల మీదుగా టెక్సాస్ వఱకు పరచుకొనిన ప్రెయిరీ గడ్డినేలలయందు, వేసవిపూవులు పెక్కులు వాడి గింజకట్టుచున్న వేళ, ఆగస్టు మొదలుకొని అక్టోబరు దాక ఆకాశవర్ణమున పూచెడి మొక్క యొకటి కలదు. అచ్చటివారు దానిని బ్లూ సేజ్ అందురు. శాస్త్రజ్ఞులు సాల్వియా అజూరియా అందురు. మన తులసికిని పుదీనాకును ఇది సగోత్రమే యగుటచే, నలుపలకల కాడను, రెండు పెదవుల పూవును చూచినంతనే మనవారు ఆ చుట్టఱికమును పోల్చుకొనగలరు.

దీని మహిమ యంతయు పూచెడి కాలమునందే యున్నదని నా తలంపు. ఒడలెల్ల నూగు గల బంబుల్‌బీ తేనెటీగల గూటి జీవులలో చలికాలమును దాటి బ్రతుకునవి ఆ యేటి చివర పుట్టి జతకూడిన క్రొత్త రాణులు మాత్రమే, తక్కినవన్నియు నశించును. ఆ రాణులు మట్టిలో దూరి మాసముల తరబడి నిరాహారముగా నుండవలెను గనుక, అంతకుముందే మకరందము గ్రోలి దేహమున క్రొవ్వు కూర్చుకొనకున్న మఱుసటి వసంతమున క్రొత్త గూడు కట్టువారే యుండరు. మెక్సికో కొండలకు తరలు మొనార్క్ సీతాకోకచిలుకలును సెప్టెంబరు, అక్టోబరులలోనే ఈ సీమలను దాటుచు పూదేనెను వెదకుకొనును. వసంతమున పూచు మొక్కలను ఎందఱైనను నాటుదురు. సంవత్సరాంతమున అన్నము పెట్టు మొక్కను తలచువారు అరుదు.

సాల్వియా పూవు గొంతునందలి రెండు కేసరములు ఏతపు దూలముల వలె ఊగును: తేనెకై తల దూర్చిన కీటకము లోపలి కొనను నెట్టగా, పుప్పొడితిత్తి గల పైకొన వంగి దాని వీపును తాకును, ఆ పుప్పొడిని వేఱొక పూవునందు వంగియున్న కీలాగ్రము అందుకొనును. ఈ యంత్రరచనను జర్మను పండితుడు క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ 1793లోనే తన గ్రంథమున వర్ణించెను.

పూర్తి యెండ, నీరు నిలువని నేల దీనికి చాలును. బంకమన్నునైనను ఓర్చుకొనును, వేళ్లు లోతునకు దిగిన పిమ్మట అనావృష్టికి జంకదు. ఎరువుతో బలిసిన నేలను, నీడపట్టునను మాత్రము, 3 మొదలు 5 అడుగులు పెరుగు కాడలు నిలువలేక ఒరగిపోవును. వేసవి తొలినాళ్లలో కొనలు త్రుంచినను, పొడవైన గడ్డి నడుమ నాటినను ఈ చిక్కు తగ్గును. డల్లాస్ ప్రాంతమున స్థిరపడిన తెలుగువారి పెరళ్లలో, మంచు తాకి తులసి మాడిపోయెడి చోటనే, ఇది వేరు నిలుపుకొని వసంతమున మరల చిగుర్చును. కొనుటకు ముందు ఆ మొక్కకు నియోనికోటినాయిడ్ పురుగుమందు వేసిరా యని నర్సరీవారిని తప్పక అడుగవలెను. ఆ మందు మొక్క యంతటను వ్యాపించి, తేనెటీగలకై మనము పెంచిన పూవుల మకరందమునందే చేరును.